సియాటిల్ హబ్ రివ్యూ: అలస్కా, డెల్టా కొట్టుకుంటే మనకేంటి లాభం?

నమస్తే అండీ, వెల్‌కమ్ బ్యాక్. ముందే చెప్పేస్తున్నా, ఈ వీడియోకి ఒక లాంజ్ పాస్ కంపెనీ వాళ్లు ఏడాది మెంబర్‌షిప్ ఫ్రీగా ఇచ్చారు, స్క్రిప్ట్ మాత్రం వాళ్లకి చూపించలేదు. లాంజ్ గురించి మూడు ముక్కలు చెప్పి వదిలేస్తా: కుర్చీ దొరికింది, కాఫీ తాగా, ఛార్జింగ్ పాయింట్ పనిచేసింది. అంతే, వాళ్ల రుణం తీరిపోయింది.

ఇవాళ రివ్యూ చేసేది లాంజ్ కాదు, సీటు కాదు, సియాటిల్ ఎయిర్‌పోర్ట్‌లో అలస్కా ఎయిర్‌లైన్స్‌కి డెల్టా ఎయిర్‌లైన్స్‌కి పదేళ్లుగా నడుస్తున్న కొట్లాట. ఏ రూట్ ఎన్ని రోజులు, సీటు ఎంత వెడల్పు, ఇవన్నీ మీరు ఇప్పటికే పది వీడియోల్లో చూసుంటారు, మళ్లీ నేను చదివి వినిపించను.

అసలు ఇది ఎలా మొదలైందో తెలిస్తేనే మజా. ఒకప్పుడు వీళ్లిద్దరూ పార్ట్‌నర్లే. డెల్టాకి సియాటిల్ నుంచి ఆసియాకి పెద్ద విమానాలు నడపాలని ఉంది, కానీ పెద్ద విమానం ఒక్క ఊరి జనంతో రోజూ నిండదు కదా, స్పొకేన్ నుంచి, బోయిసీ నుంచి, పోర్ట్‌లాండ్ నుంచి చిన్న విమానాల్లో మనుషుల్ని తెచ్చి పొయ్యాలి, ఆ చిన్న విమానాలేమో అలస్కావి. కొన్నాళ్లు బాగానే నడిచింది. తర్వాత డెల్టా వాళ్లకి ఏమనిపించిందో, నా విమానానికి నా మనుషుల్ని నేనే తెచ్చుకుంటా అని 2014లో సియాటిల్‌ని హబ్ అని, అంటే జనం విమానాలు మారే తన ప్రధాన కేంద్రం అని ప్రకటించి అలస్కా తిరిగే ఊళ్లకే తను కూడా తిరగడం మొదలెట్టింది. అదీ ఎక్కడా, అలస్కా హెడ్డాఫీసు ఎయిర్‌పోర్ట్ పక్కనే ఉన్న ఊళ్లో! ఇంట్లో అద్దెకున్నోడు వరండాలో సొంతంగా కొట్టు పెట్టినట్టు. 2017లో పార్ట్‌నర్‌షిప్ పూర్తిగా తెగిపోయింది.

అలస్కా ఊరుకుందా? 2016లో వర్జిన్ అమెరికా అనే విమాన కంపెనీని కొనేసింది, 2021లో వన్‌వరల్డ్ అనే విమాన కంపెనీల కూటమిలో చేరింది, 2024 సెప్టెంబర్‌లో అప్పులతో కలిపి 1.9 బిలియన్ డాలర్లకి హవాయియన్ ఎయిర్‌లైన్స్‌ని తెచ్చుకుంది. బీచ్ రూట్ల కోసం అనుకున్నారు చాలామంది, నాకైతే ఆ డీల్‌లో కళ్లు తిరిగింది పెద్ద విమానాలు చూసి. అప్పటిదాకా అలస్కా దగ్గర సముద్రం దాటే వైడ్‌బాడీలే, అంటే రెండు నడవాలుండే పెద్ద విమానాలే లేవు. 2025 మేలో ఆ హవాయియన్ ఎ330తోనే, 278 సీట్లది, సియాటిల్ నుంచి టోక్యో నరీటా మొదలెట్టేసింది, సెప్టెంబర్‌లో సియోల్. 2026కి రోమ్ అని కూడా ప్రకటించింది, కొన్నాళ్లకే డెల్టా కూడా అదే 2026కి రోమ్, పైన బార్సిలోనా కూడా అంది. సియాటిల్ నుంచి నాన్‌స్టాప్‌లో రోమ్ వెళ్దామంటే ఇన్నాళ్లూ దారి లేదు, ఇప్పుడు ఒకేసారి ఇద్దరు. వస్తే వరద, లేకపోతే కరువు.

ఇక్కడ ఆగి ఒకటి చెప్పాలి. రూట్ ప్రకటన అనగానే గంతులేసేవాళ్లని చూస్తే నాకు చిరాకు. 2020 ఫిబ్రవరిలో అమెరికన్ ఎయిర్‌లైన్స్, అలస్కాతో చెయ్యి కలిపి, సియాటిల్ నుంచి బెంగళూరుకి నాన్‌స్టాప్ అని ప్రకటించింది గుర్తుందా? వాట్సాప్ గ్రూపుల్లో ఎంత హడావిడి! కోవిడ్ వచ్చింది, వాయిదా పడింది, మళ్లీ పడింది, చివరికి ఆ విమానం ఒక్కసారి కూడా ఎగరలేదు. డెల్టా కూడా అంతే, 2014లో హాంకాంగ్ మొదలెట్టి 2018లో తీసేసింది. అందుకే నేను కొత్త రూట్‌ని మొదటి ఏడాది నమ్మను, రెండో శీతాకాలం కూడా నడిచిందా, అప్పుడు మాట్లాడుకుందాం.

సరే, కొట్లాట వల్ల మనకేంటి? తైపే చూడండి. 2024 వరకు సియాటిల్ నుంచి తైపేకి ఈవా ఎయిర్ ఒక్కటే. ఆ ఒక్క వేసవిలో డెల్టా, చైనా ఎయిర్‌లైన్స్, స్టార్‌లక్స్ ముగ్గురూ దిగారు, ఒకటి కాస్తా నాలుగయ్యాయి. అలాంటి రూట్‌లో టికెట్ కొనేవాడు రాజు. అదే ఒక్క కంపెనీయే తిరిగే చిన్న ఊరికి టికెట్ చూడండి, ఈ పోటీ గాలి కూడా తగలదు. హబ్‌లో ఇద్దరున్నారు కాబట్టి అన్నీ చవక అనుకోకండి, మీ రూట్‌లో ఇద్దరున్నారా అన్నది చూసుకోండి, మిగతా ప్రెస్‌మీట్లు మనకెందుకు.

టోక్యో కూడా ఇంకో రకం. డెల్టా దిగేది హనేడాలో, అలస్కా దిగేది నరీటాలో. టోక్యోలోనే పనుంటే హనేడా ఊళ్లోనే ఉన్నట్టు, నరీటా నుంచి సిటీకి 60 కిలోమీటర్లు ఉంటుంది. కానీ అక్కడి నుంచి ఇంకో దేశం వెళ్లేవాడికి నరీటాలో జపాన్ ఎయిర్‌లైన్స్ ఉంది, అది వన్‌వరల్డ్. కాబట్టి కాగితం మీద ఒకే రూట్‌లా కనిపించినా వీళ్లు అమ్మేది వేరే వేరే సరుకు.

ఇప్పుడు నాకు బాగా నచ్చిన పార్ట్, దీని గురించి కాసేపు మాట్లాడతా, తిట్టుకోకండి. సియాటిల్‌లో సెక్యూరిటీ ఒకసారి దాటితే ఎయిర్‌పోర్ట్ మొత్తం మీదే. అలస్కా గేటులో దిగి డెల్టా గేటుకి, అక్కడి నుంచి విదేశీ విమానాలు ఆగే విడి భవనం ఎస్ కాంకోర్స్‌కి, కింద రైలు ఎక్కి వెళ్లిపోవచ్చు, మళ్లీ బెల్టు విప్పక్కర్లేదు, లాప్‌టాప్ తియ్యక్కర్లేదు. అదే విదేశం నుంచి వచ్చి ఎస్‌లో దిగితే ఇంకో సరదా, 2022లో తెరిచిన గాజు వంతెన, 780 అడుగుల పొడవు, 85 అడుగుల ఎత్తు, మీరు పైన నడుస్తుంటే కింద నుంచి విమానం పోతుంది! పద్నాలుగు గంటల నిద్రమత్తులో కూడా నేను అక్కడ ఆగిపోయా, వెనకాల వచ్చే పెద్దాయన సూట్‌కేసు నా కాలికి తగిలి ఆయనే సారీ చెప్పాడు. కాకపోతే ఆ తర్వాత ఇమిగ్రేషన్, కస్టమ్స్, ఇంకో విమానం ఉంటే బ్యాగు మళ్లీ ఇచ్చి సెక్యూరిటీ మళ్లీ, అది అమెరికాలో దాదాపు అంతటా ఉన్న తద్దినమే.

ఇంతకుముందు షికాగో ఓ'హేర్ రివ్యూ చేశాను కదా, యునైటెడ్, అమెరికన్ ఇద్దరూ అక్కడ. అక్కడ ఎన్ని విమానాలు నడిపితే అన్ని గేట్లు అన్న లెక్క ఉంది, ఆ లెక్కలో తనకి అన్యాయం జరుగుతోందని 2025లో అమెరికన్ వాళ్లు షికాగో సిటీ మీద కేసే వేశారు. అంటే అక్కడ కొన్ని విమానాలు మీ కోసం లేవవు, గేటు పోకుండా ఉండటం కోసం లేస్తాయి. సగం ఖాళీగా ఉన్న విమానంలో కాళ్లు చాపుకుని కూర్చున్నప్పుడు నాకేమీ అభ్యంతరం లేదులెండి.

ఇక నన్ను మండించేది, మైల్స్, అంటే విమానం ఎక్కినా వాళ్ల కార్డు వాడినా వచ్చే పాయింట్లు. ఈ ఇద్దరి అసలు యుద్ధం సీట్ల కోసం కాదు, మీ జేబులో ఎవరి క్రెడిట్ కార్డు ఉండాలన్న దాని కోసం. డెల్టా 2015లోనే ఎంత దూరం ఎగిరావు అన్నది వదిలేసి ఎంత డబ్బు పెట్టావు అన్న లెక్కకి మారిపోయింది, 2023లో లాంజ్ రూల్స్, స్టేటస్ అంటే తరచూ ఎగిరేవాళ్లకి ఇచ్చే హోదా రూల్స్ ఇంకా బిగిస్తే జనం ఎంత గోల చేశారంటే సీఈఓ ఎడ్ బాస్టియన్ స్వయంగా మరీ ఎక్కువ చేశాం అని ఒప్పుకుని కొంత వెనక్కి తగ్గాడు. అలస్కా మాత్రం దూరం లెక్కని వదల్లేదు, 2025లో తన మైల్స్ ప్రోగ్రాముకి అట్మోస్ రివార్డ్స్ అని పేరు మార్చి దూరమా, డబ్బా, విమానాల సంఖ్యా, మీరే ఎంచుకోండి అంది. పక్క గేట్లో డెల్టా లేకపోతే ఇంత మర్యాద ఉండేదా అని నా డౌటు.

నా కథ చెప్తా, కంపెనీ పేరు అడక్కండి. ఒక ఏడాది డిసెంబర్‌లో స్టేటస్‌కి కాస్త తక్కువైందని నేరుగా వెళ్లే విమానం వదిలేసి, రెండు చోట్ల ఆగి వెళ్లే టికెట్ కొన్నా. మొదటిది లేటు, రెండోది పోయింది, ఎయిర్‌పోర్ట్ కార్పెట్ మీద జాకెట్ తల కింద పెట్టుకుని పడుకున్నా. స్టేటస్ వచ్చింది. తర్వాతి జనవరిలో రూల్స్ మార్చారు. ఆ బంగారు రంగు కార్డుని ఇప్పుడు పుస్తకంలో పేజీ గుర్తుకి వాడుతున్నా.

కాబట్టి రేటింగ్. ఎయిర్‌పోర్ట్‌కి పదికి తొమ్మిది, ఆ ఒక్కటీ తగ్గించింది ఎస్ కాంకోర్స్ రైలు దగ్గర సెలవుల జనం తొక్కిసలాట చూసి. అలస్కాకి ఎనిమిది, డెల్టాకి ఏడు, ఈ ఒక్క మార్కు తేడా పూర్తిగా మైల్స్ మీద నా కచ్చే, దాచుకోను. డెల్టా వాళ్ల సీటు ముందు స్క్రీన్ ఇష్టపడేవాళ్లు ఆ మార్కు తిప్పేసుకోండి. ఇద్దరి మైల్స్ ప్రోగ్రాములకి కలిపి నాలుగు, పంచుకోమనండి.

రోమ్ విమానం ఎక్కినవాళ్లుంటే ఏది ఎక్కారో, మధ్య సీటు దొరికిందో కామెంట్‌లో పెట్టండి. నాకు బోర్డింగ్ పిలుస్తున్నారు, గ్రూప్ ఎఫ్, అంటే చివర్లో.