హత్య ఉండాలి, నెత్తురు వద్దు: చదువరుల ఫోన్-ఇన్

వ్యాఖ్యాత: నమస్కారం. ఈ రోజు డిటెక్టివ్ నవలల కబుర్లు. లైబ్రేరియన్ మేడం మనతో ఉన్నారు. హనుమకొండ నుంచి కాల్. చెప్పండమ్మా.

శ్రోత: నమస్తే మేడం. మా అత్తమ్మ కొమ్మూరి సాంబశివరావు రాసిన డిటెక్టివ్ యుగంధర్ నవలలు ఇష్టంగా చదివేవారు. ఇప్పుడు కొత్తవి తెమ్మంటున్నరు. ఇంగ్లీషు చదువుతరు గానీ, నరుకుడు కనిపిస్తే పుస్తకం మూసేస్తరు.

లైబ్రేరియన్: హరిణి నాగేంద్ర 'ది బెంగళూర్ డిటెక్టివ్స్ క్లబ్' ఇవ్వండమ్మా. 2022లో వచ్చింది. కథాకాలం 1921. డాక్టరుగారి భార్య కావేరికి లెక్కలంటే ప్రాణం. సెంచరీ క్లబ్ విందులో హత్య జరుగుతుంది. యుగంధర్‌కి అసిస్టెంట్ రాజు ఉన్నట్టు కావేరికి పక్కింటి ఉమా ఆంటీ తోడు. కానీ యుగంధర్ పరుగు ఇందులో ఉండదు. ఆ సంగతి ముందే చెప్పండి, లేకపోతే నెమ్మదిగా ఉందని పక్కన పెట్టేస్తారు.

శ్రోత: బొంబాయి లాయరమ్మ కథ కూడా అలాంటిదేనా?

లైబ్రేరియన్: సుజాతా మాస్సీ నవలా? అదీ 1921 కథే. పరదా పాటించే ముగ్గురు వితంతువుల ఇంట్లోకి మగ పోలీసులు వెళ్లలేరు, లాయర్ పర్వీన్ వెళ్లగలదు. కథకు ఆయువుపట్టు అదే, చాలా గట్టి ఊహ. కానీ పర్వీన్ పాత కాపురం గురించిన భాగాలు మనసును పిండేస్తాయి. తేలిక పుస్తకం అనుకుని ఇవ్వకండి. ఇంకోటి, అమెరికాలో దాని పేరు 'ది విడోస్ ఆఫ్ మలబార్ హిల్', మన దగ్గర వేరే పేరు. రెండు పుస్తకాలనుకుని రెండూ కొనేస్తారు.

వ్యాఖ్యాత: తెనాలి నుంచి ఇంకొకరు.

శ్రోత: మేడం, రిచర్డ్ ఓస్మన్ 'ది బుల్లెట్ దట్ మిస్డ్' సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరికింది. ముందు ఇది చదివేయొచ్చాండీ?

లైబ్రేరియన్: వద్దు బాబూ, అది మూడోది. 2020లో 'ది థర్స్‌డే మర్డర్ క్లబ్', 2021లో 'ది మ్యాన్ హూ డైడ్ ట్వైస్', ఆ తర్వాతే మీ చేతిలోది. ఏ పుస్తకంలోని కేసు ఆ పుస్తకంలోనే తేలిపోతుంది, అందుకే ఎక్కణ్నించైనా పర్లేదనిపిస్తుంది. కానీ ఆ క్లబ్బులోని ఎలిజబెత్ భర్త స్టీఫెన్ మతిమరుపు జబ్బు పుస్తకం పుస్తకానికీ ముదురుతుంది. ముందు నుంచీ ఆయనతో ఉంటేనే నాలుగోది తగలాల్సిన చోట తగులుతుంది. మొదటిది లైబ్రరీలో అడగండి, మీది దాచుకోండి.

వ్యాఖ్యాత: డాలస్ నుంచి చివరి కాల్.

శ్రోత: మా బుక్ క్లబ్‌లో కెయిగో హిగషినో 'ది డివోషన్ ఆఫ్ సస్పెక్ట్ ఎక్స్' పెట్టామండీ. హంతకులెవరో మొదట్లోనే తెలిసిపోయిందని ఇద్దరు మానేశారు.

లైబ్రేరియన్: ఎవరు చంపారన్నది అక్కడ ప్రశ్నే కాదండీ. లెక్కల మాస్టారు ఇషిగామి ఆ నేరాన్ని ఎలా కప్పెట్టాడు, పాత స్నేహితుడు యుకావా దాన్ని ఎలా విప్పుతాడు, అదీ పందెం. ఇది ముందే చెప్పి మళ్లీ మొదలుపెట్టించండి. జపాన్ పేర్లు కలగాపులగం అవుతాయి, ఇషిగామి, యాసుకో, యుకావా, కుసానగి అని ఒక చీటీ మీద రాసి పేజీల్లో పెట్టుకోమనండి. 2023లో వచ్చిన 'జానే జాన్' దీని ఆధారంగా తీసిన సినిమా. అది చూసినవాళ్లు చర్చ రోజు దాకా నోరు విప్పకూడదు. జ్యామితి లెక్కలా కనిపించే వేరే లెక్క గురించి ఇషిగామి ఒక మాటంటాడు. ఆ పేజీ మడిచి పెట్టుకోండి, పుస్తకం అయ్యాక మళ్లీ తెరవాలి.