కోనసీమ తేమలో కాగితపు గుడారాలు: బొమ్మల నాటకశాలకు ఏ కాగితం నిలుస్తుంది?

ప్రేక్షకులందరికీ నమస్కారం. బల్ల మీద పట్టే బొమ్మల నాటకశాలకు గుడారాలు, తెరలు చేయడానికి మన కోనసీమలో సులువుగా దొరికే కాగితాలలో ఏది పనికివస్తుందో ఈ ఆషాఢమాసపు తేమలోనే పరీక్షించి చూశాను. ఆ ఫలితాలను ఈ వీడియోలో మీ ముందు ఉంచుతున్నాను.

1811లో లండన్‌లో విలియం వెస్ట్ అనే వర్తకుడు అచ్చు వేయించిన నటుల బొమ్మల షీట్లు ఈ వినోదానికి తొలి రోజుల నాటివి. రంగు లేని షీటు ఒక పెన్నీకి, చేత్తో రంగులు అద్దినది రెండు పెన్నీలకు అమ్ముడయ్యేవి. పిల్లలు వాటిని అట్టకు అంటించి, కత్తిరించి, చిన్న రేకు పట్టాలలో నిలబెట్టి, తీగ పట్టుకొని పక్కనుంచి రంగస్థలం మీదికి తోసేవారు. షేక్‌స్పియర్ రాసిన మూడవ రిచర్డ్ నాటకంలో యుద్ధానికి ముందురాత్రి శత్రువులిద్దరి గుడారాలూ ఒకే వేదిక మీద ఉంటాయి. దాన్ని చూసినప్పుడే, కురుక్షేత్ర శిబిరాలను కూడా ఇలా ఎదురెదురుగా నిలపవచ్చునని నాకు తోచింది.

ముందుగా జిరాక్సు కాగితాన్ని చూద్దాం. 80 జీఎస్ఎం (చదరపు మీటరుకు 80 గ్రాముల బరువున్న) కాగితం మీద బొమ్మ చక్కగానే వస్తుంది గాని, ఉడికించిన మైదా జిగురుతో అట్టకు అంటించగానే అది తడికి సాగి, ఆరేటప్పుడు బిగుసుకొని, అట్టను కూడా తనవైపు వంచేస్తుంది. అట్ట వెనుక కూడా అదే కాగితాన్ని, నార (కాగితంలోని పోగుల వరుస) అదే దిశలో ఉండేలా అంటిస్తే రెండు లాగుళ్ళూ సరిపోయి అట్ట చదునుగా నిలుస్తుంది. కాగితాన్ని రెండు దిశల్లోనూ మడిచి చూస్తే, ఏ దిశలో మడత సాఫీగా పడుతుందో నార ఆ దిశలో ఉన్నట్టు.

డ్రాయింగు షీటు గురించి ఎక్కువ చెప్పడానికేమీ లేదు. వెనుక తెరకు బాగుంటుంది, గుడారానికి మెత్తన.

నా ఓటు మాత్రం పాత శుభలేఖలకే. ఆ అట్ట గట్టిది, కత్తిరించిన అంచు చెదరదు, కొన్నిటి లోపలివైపు సగం ఖాళీగానే ఉంటుంది. గుడారం ద్వారాన్ని నిలువుగా చీల్చి, రెండు రెక్కలను పెన్సిలుకు చుట్టి వెనక్కి మలచి, వెనుక ఒక సెంటీమీటరు ఎడంగా ముదురు నీలం కాగితాన్ని నిలిపితే, బల్లపరుపు బొమ్మకు లోపలొక గది ఉన్నట్టు కనిపిస్తుంది. ముందు వరుస గుడారం 9 సెంటీమీటర్లు, మధ్యది 6, చివరిది 4 ఉండేలా కత్తిరించాను.

లోపల దీపం వెలిగే గుడారం కావాలంటే పలుచని కాగితమే వాడాలి. కొబ్బరినూనె రాస్తే వెలుగు చక్కగా సాగుతుందని ఆశపడ్డాను గాని, ఆ నూనె ఎన్నాళ్ళకూ ఆరక పక్క తెరకు కూడా పాకింది. కొవ్వొత్తి మైనం రుద్ది, పైన మరో కాగితం పరిచి ఇస్త్రీపెట్టెతో అద్దిన తరువాత గాని పని కుదరలేదు. లోపల చిన్న ఎల్ఈడీ బల్బునే పెట్టండి, మంట వద్దు.

బొమ్మలను తోయడానికి తీగకు బదులు కొబ్బరి ఈనెలు వాడాను. ఒక్క ఈనె వంగిపోతుంది, రెండింటిని జతగా కట్టాలి. పక్క తెరల మీద అలవాటు కొద్దీ కొబ్బరిచెట్లు గీస్తే, కురుక్షేత్రంలో కొబ్బరితోట ఎక్కడిదిరా అని మా నాన్నగారు నవ్వారు. వాటిని చెరిపి మర్రిచెట్లు వేశాను.

పాండవ శిబిరం పూర్తయింది. కౌరవుల వైపు మాత్రం ఇంకా ఖాళీగానే ఉంది. ఇంట్లో పాత శుభలేఖలు అయిపోయాయి, ఆషాఢంలో పెళ్ళిళ్ళు లేవు కనుక శ్రావణ ముహూర్తాల శుభలేఖలు వచ్చేదాకా దుర్యోధనుడు ఆరుబయటే ఉండవలసి వస్తుంది.