అపార్టుమెంటు ప్లానులో కళాశాల
(విద్యాసంస్థల భవన ప్రమాణాలపై విజయవాడలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. ప్రధానోపాధ్యాయులు, కళాశాలల యాజమాన్య ప్రతినిధులు, సివిల్ ఇంజనీరింగ్ విద్యార్థులు ఒకే సభలో కలిసి కూర్చోవడం అరుదు. అందుచేత కోడ్ పుస్తకంలోని లెక్కలను అవసరమైనంత వరకే చెప్పి, అవి మన బెజవాడ, గుంటూరు వీధుల్లో ఎలా ఎదురవుతున్నాయో వివరంగా మాట్లాడతాను. బడిని గానీ కళాశాలను గానీ చదరపు అడుగులతో కొలవకూడదనీ, అందులో ఒకే సమయంలో ఎంతమంది ఉంటారన్న సంఖ్యతో కొలవాలనీ నా వాదన. మిగతా ప్రమాణాలన్నీ ఆ సంఖ్య నుంచే పుడతాయి.

మనకు ఆధారం నేషనల్ బిల్డింగ్ కోడ్, అంటే భవనాలు ఎలా కట్టాలో చెప్పే జాతీయ ప్రమాణాల పుస్తకం. 1970లో తొలిసారి వెలువడి, సవరణలు పొందుతూ 2016 నాటి రూపానికి వచ్చింది. అది తనంతట తాను చట్టం కాదు. రాష్ట్రాల, స్థానిక సంస్థల నిబంధనలు స్వీకరించిన మేరకే దానికి బలం. మన రాష్ట్రంలో 2017 నాటి భవన నిర్మాణ నిబంధనలు, 1999 నాటి అగ్నిమాపక సేవల చట్టం ఆ పని చేస్తున్నాయి. బడుల విషయంలో దేశవ్యాప్తంగా కదలిక తెచ్చింది మాత్రం తమిళనాడులోని కుంభకోణం పట్టణంలో జరిగిన అగ్నిప్రమాదం. 2004 జూలై 16న అక్కడి ఒక పాఠశాలలో వంటశాల నుంచి లేచిన మంట పూరికప్పుకు అంటుకుని 94 మంది పిల్లలను బలి తీసుకుంది. ఆ తర్వాత అవినాశ్ మెహ్రోత్రా కేసులో 2009లో తీర్పు చెప్పిన సుప్రీంకోర్టు, విద్యాహక్కులో సురక్షితమైన బడిలో చదివే హక్కు కూడా ఇమిడి ఉందని స్పష్టం చేసి, గుర్తింపు ఇచ్చే ముందు భవన భద్రతను పరిశీలించాలని ఆదేశించింది.

ఇప్పుడు మన ఊళ్ల సంగతికి వద్దాం. మన నగరాల్లో కళాశాలగా గానీ, హాస్టల్‌గా గానీ నడుస్తున్న భవనాల్లో చాలావాటికి మొదట పుట్టినది అపార్టుమెంటు ప్లాను. నివాసంగా అనుమతి పొంది, గోడలు కొన్ని తీసి, కొన్ని కట్టి, బోర్డు మార్చి అద్దెకు ఇస్తారు. ఇందులో తప్పేమిటి, భవనం గట్టిగానే ఉంది కదా అని యజమానులు అడుగుతారు. ఒక అంతస్తు వైశాల్యం 300 చదరపు మీటర్లు అనుకోండి. కోడ్ ప్రకారం నివాసంలో మనిషికి 12.5 చదరపు మీటర్లు లెక్కించాలి కనుక ఆ అంతస్తులో 24 మంది ఉంటారని భావించి మెట్లు, దారులు నిర్ణయిస్తారు. అదే విద్యాభవనమైతే మనిషికి 4 చదరపు మీటర్ల చొప్పున 75 మంది. ఇంటర్మీడియట్ తరగతిలో మనం బెంచీలు జరిపి కూర్చోబెట్టే తీరు చూస్తే ఆ సంఖ్య 200 దాటడం కష్టం కాదు. 24 మందికి వేసిన మెట్ల మీద 200 మందిని దించడమే ప్రతి గంట మోతకూ మనం చేస్తున్న పని.

బరువు లెక్క కూడా ఇలాగే మారుతుంది. ఇంటి గదుల స్లాబును చదరపు మీటరుకు సుమారు 200 కిలోల వినియోగ భారానికి, అంటే దాని మీదికి వచ్చే మనుషుల, సామాను బరువుకు రూపొందిస్తే, తరగతి గదికి 300, విద్యాభవనపు వరండాకు 400, పుస్తకాల అరలు నిండిన గ్రంథాలయానికి 600 కిలోలు తీసుకోవాలని భారాల లెక్కకు వాడే భారత ప్రమాణం ఐఎస్ 875 చెబుతుంది. పడకగదిలో గ్రంథాలయం పెట్టిన చోట స్లాబు వెంటనే కూలకపోవచ్చు. డిజైనులో ఉంచిన భద్రతా గుణకం దానిని కొంతకాలం మోస్తుంది. అయితే ఆ గుణకం నాసి పనికీ, వయసుతో తుప్పుపట్టే ఇనుముకూ ఉంచినదే తప్ప యజమానికి అదనపు అద్దె సంపాదించి పెట్టడానికి ఉంచినది కాదు.

ఇక మెట్లు. విద్యాభవనంలో మెట్ల వెడల్పు కనీసం 1.5 మీటర్లు ఉండాలి. అపార్టుమెంటుల్లో అది ఒక మీటరుతోనే సరిపెట్టిన సందర్భాలు ఎన్నో. మెట్ల మీద మనిషికి 10 మిల్లీమీటర్ల వెడల్పు చొప్పున లెక్కిస్తే 1.5 మీటర్లు ఒక అంతస్తులోని 150 మందికే చాలుతుంది. ప్రతి అంతస్తు 500 చదరపు మీటర్లు దాటే విద్యాభవనానికి కనీసం రెండు మెట్ల వరుసలు ఉండాలి. ఆ రెండూ పక్కపక్కనే ఉంటే పొగ రెండింటినీ ఒకేసారి మూసేస్తుంది కాబట్టి, దూరదూరంగా ఉండాలని వేరే చెప్పనక్కరలేదు. తలుపులు బయటికి తెరుచుకోవాలి. ఇవన్నీ ఉండి కూడా రాత్రి పదింటికి కింద కొలాప్సిబుల్ గేటుకు తాళం వేసి, తాళంచెవిని వార్డెన్ తన గదిలో పెట్టుకుంటే ప్లానులో ఎన్ని మెట్లున్నా లేనట్టే. పిల్లలు బయటికి వెళ్లిపోతారన్న తల్లిదండ్రుల భయం నాకు తెలుసు. దానికి కాపలాదారుడిని పెట్టాలి. తాళం జవాబు కాదు. మేడ మీద రేకుల షెడ్డు వేసి భోజనశాలో, స్టడీ హాలో నడపడం మన దగ్గర మరో అలవాటు. అది తరచూ అనుమతి లేనిదే కాక, గ్యాస్ సిలిండర్లను నిద్రపోయే పిల్లల తలల మీద పెట్టడం కూడా.

భూకంపం మాట ఎత్తితే మనకు అది ఎక్కడిదని నవ్వుతారు. భూకంపాలను తట్టుకునే డిజైనుకు భారత ప్రమాణమైన ఐఎస్ 1893 భాగం 1, 2016 కూర్పు పటంలో విజయవాడ మూడవ భూకంప మండలంలో ఉంది. ఆ కోడ్ బడులను సాధారణ ఇళ్లకంటే ఒకటిన్నర రెట్లు బలానికి రూపొందించమంటుంది, ఎందుకంటే అక్కడ జనం ఎక్కువ, ఆపద వేళ ఆశ్రయమిచ్చేదీ అదే. 2001 గుజరాత్ భూకంపంలో అహ్మదాబాద్‌లో కూలిన అపార్టుమెంటుల్లో పిల్లర్ల మీద నిలబెట్టి కింద పార్కింగుకు వదిలినవి చాలా ఉన్నాయి. మన నగరాల్లో అద్దెకు దొరికే అపార్టుమెంటుల తీరూ ఎక్కువగా ఇదే.

కొత్తగా ప్రాంగణం కట్టేవారికి భూమి గురించి ఒక మాట. గుంటూరు, అమరావతి పరిసరాల్లో నల్లరేగడి వానకు ఉబ్బి, ఎండకు కుంచించుకుపోతుంది. లోతు తక్కువ పునాది మీద కట్టిన ఒంటి అంతస్తు బడి గోడలు ఐదారేళ్లలోనే మూలల నుంచి ఐమూలగా పగుళ్లు ఇవ్వడానికి కారణం మేస్త్రీ కాదు, ఆ మట్టి. తేమ మారని లోతు వరకు దిగి, అడుగున ఉబ్బుగా ఉండే అండర్‌రీమ్డ్ పైల్స్ వేసి, వాటిని బీములతో కలిపి, గోడ చుట్టూ నీరు నిలవకుండా ఏటవాలు చప్టా పోస్తే ఆ బాధ తగ్గుతుంది. పెద్ద ప్రాంగణాలు నిర్మించే విశ్వవిద్యాలయాలు మట్టి పరీక్షను ఒక్కచోట చేసి అన్ని బ్లాకులకూ వాడుకోవడం మానాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం వైపు ఇళ్లు మునిగాక నేల మట్టం ఎత్తు గురించి ఇక్కడ ఎవరికీ పాఠం చెప్పనక్కరలేదు. అయినా కరెంటు ప్యానెల్ బోర్డును, జనరేటరును, ప్రయోగశాల రసాయనాలను, విద్యార్థుల రికార్డులను సెల్లారులో పెట్టే ప్లాన్లు ఇంకా గీస్తున్నారు.

వేడి విషయం క్లుప్తంగా చెబుతాను. మన తేమ వేడిలో కిటికీల తెరపు నేల వైశాల్యంలో ఆరో వంతుకు తగ్గకూడదు. పొడవు గోడలు ఉత్తర దక్షిణాలను చూడాలి. గదికి ఎదురెదురు కిటికీలు, దక్షిణాన వరండా ఉంటే ఏసీ అవసరం కొన్ని నెలలకే పరిమితమవుతుంది. అద్దాల ముఖద్వారాలు ప్రచార పత్రంలో బాగుంటాయి, పడమటి ఎండకు అవి పొయ్యిలే.

దివ్యాంగులకు 1:12 వాలు (పన్నెండు అడుగుల పొడవుకు ఒక అడుగు ఎత్తు) గల ర్యాంపు, 900 మిల్లీమీటర్ల తలుపు 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం వచ్చాక దయతో ఇచ్చేవి కావు. ర్యాంపు కట్టి దాని చివర ఒక మెట్టు వదిలేసిన భవనాలు చూశాను. అది తనిఖీ కోసం కట్టిన ర్యాంపు.

చివరగా పాత ప్రభుత్వ బడులు. 2025 జూలైలో రాజస్థాన్‌లోని ఝాలావాడ్ జిల్లాలో పాఠశాల పైకప్పు కూలి ఏడుగురు పిల్లలు చనిపోయారు. స్లాబు అడుగున పెచ్చులూడి ఇనుము కనబడితే పైన సిమెంటు పూత పూయడం మరమ్మతు కాదు. తుప్పును గీకి, ఎంత ఊచ మిగిలిందో కొలిచి, ఆ తర్వాతే నిర్ణయించాలి. ఈ పని వానలకు ముందు, వేసవి సెలవుల్లోనే ముగియాలి కనుక, ప్రధానోపాధ్యాయులు జనవరిలోనే గది గదికీ తిరిగి పగుళ్లను తేదీతో సహా ఫోటో తీసి ఇంజనీరుకు పంపాలి. అద్దె భవనాల్లో ఉన్న యాజమాన్యాలు అంతకుముందే యజమానిని ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, అంటే భవనాన్ని ఏ పనికి వాడుకోవచ్చో తెలిపే అనుమతి పత్రం అడిగి, అందులో ‘నివాసం’ అని రాసి ఉందో, ‘విద్య’ అని రాసి ఉందో చూడాలి. ‘నివాసం’ అని ఉంటే నేను ఇప్పటిదాకా చెప్పిన లెక్కలన్నీ ఆ భవనానికి మళ్లీ మొదటి నుంచి వేయాలి.