మన పన్నుల డబ్బుతో గోల్ఫ్ కోర్సా? ముందు నీళ్ల లెక్క అడగండి

[స్క్రీన్‌పై: డ్రోన్ నుంచి తీసిన గోల్ఫ్ కోర్స్. మధ్యలో పచ్చదనం, చుట్టూ ఎండిన నేల.]

నమస్కారం. అమెరికాలో ఇల్లు కొనుక్కున్న మనవాళ్లకి ప్రాపర్టీ ట్యాక్స్ బిల్లు రాగానే గుండె ఝల్లుమంటుంది. ఆ డబ్బుతోనే సిటీ వాళ్లు "మన ఊరికి ఒక కమ్యూనిటీ గోల్ఫ్ కోర్స్ కడదాం" అని ప్రతిపాదన పెట్టారనుకోండి. ప్రజెంటేషన్‌లో పచ్చటి బొమ్మలు ఉంటాయి. పిల్లలకు కోచింగ్ అంటారు, చుట్టుపక్కల ఇళ్ల విలువ పెరుగుతుందంటారు. వింటుంటే అన్నీ బాగానే ఉంటాయి.

ఈ వీడియోలో రెండు లెక్కలు చూద్దాం. ఒకటి డబ్బుది, ఇంకొకటి నీళ్లది. ఎక్కువసేపు నీళ్ల గురించే మాట్లాడతాను. డబ్బు లెక్క తప్పితే తిట్టుకుంటూనైనా పన్ను కట్టి పూడ్చుకుంటాం. నీళ్ల లెక్క తప్పితే పూడ్చుకోవడానికి దారి ఉండదు.

[స్క్రీన్‌పై: ఎకరం నేల బొమ్మ, దాని మీద అడుగు ఎత్తున నీళ్లు]

ఇక్కడ నీళ్లను ఏకర్-ఫుట్‌లలో కొలుస్తారు. ఎకరం నేల మీద అడుగు ఎత్తున నీళ్లు నిలిపితే ఒక ఏకర్-ఫుట్. అంటే సుమారు 12.3 లక్షల లీటర్లు. రెండు మూడు ఇళ్లకి ఏడాది పొడవునా సరిపోతాయని నీటి సంస్థలు చెప్పే లెక్క.

18 హోల్స్ కోర్స్‌కి 150 ఎకరాల దాకా నేల కావాలి. అందులో నీళ్లు పెట్టి పెంచే గడ్డి 90 ఎకరాలు అనుకుందాం. బంతిని గుంటలోకి నెట్టే చోటు ఉంటుంది చూశారా, దాన్ని గ్రీన్ అంటారు. అక్కడ గడ్డిని సుమారు మూడు మిల్లీమీటర్ల ఎత్తుకి కోస్తారు. చేత్తో తడిమితే తివాచీలా ఉంటుంది. అంత పొట్టిగా కోసిన గడ్డికి వేళ్లు లోతుకి పోవు, ఎండాకాలంలో ఒక్క రోజు అశ్రద్ధ చేసినా మాడిపోతుంది. కానీ 18 గ్రీన్లూ కలిపితే మూడెకరాలకి అటూఇటూ అంతే. నీళ్లు ఎక్కువగా తాగేది ఫెయిర్‌వేలు (గ్రీన్ దాకా పరిచిన పొట్టి గడ్డి దారులు), వాటి పక్కన కాస్త పొడవుగా వదిలేసే గడ్డి, అంటే రఫ్. ఈ తేడా గుర్తుంచుకోండి, పొదుపు చేయాలంటే చోటు అక్కడే ఉంది.

ఇప్పుడు లాస్ వెగాస్ వెళ్దాం. ఏడాది మొత్తం మీద కురిసే వాన నాలుగు అంగుళాలు. అక్కడి గోల్ఫ్ కోర్సులకు ఇదివరకు ఎకరానికి ఏడాదికి 6.3 ఏకర్-ఫుట్‌ల బడ్జెట్ ఉండేది. 2024 నుంచి దాన్ని 4కి తగ్గించారు. నాలుగడుగుల నీళ్లంటే మనకి బాగా తెలిసిన లెక్కే: ఒక వరి పంటకి ఎకరానికి కావాలని చెప్పే 1,200 మిల్లీమీటర్లు దాదాపు అంతే. అంటే తగ్గించాక కూడా ఆ గడ్డికి ఒక వరి పంటంత నీళ్లు పోతున్నాయి.

90 ఎకరాలకి గుణిస్తే 360 ఏకర్-ఫుట్‌లు, సుమారు 44 కోట్ల లీటర్లు. 700 నుంచి 1,000 ఇళ్లు ఏడాదంతా వాడుకునే నీళ్లు అవి. వాన ఎక్కువ పడే ఊళ్లో ఇంత అక్కర్లేదు. మీ ఊరి అంకె వేరుగా ఉంటుంది, గుణించే పద్ధతి మాత్రం ఇదే.

[స్క్రీన్‌పై: లేక్ మీడ్ రాళ్ల మీద తెల్లటి నీటి మట్టం గుర్తు]

లాస్ వెగాస్ అంత పట్టుదలగా ఎందుకు తగ్గించింది? కొలరాడో నదిలో, లాస్ వెగాస్ ఉన్న నెవాడా రాష్ట్రానికి ఏడాదికి 3 లక్షల ఏకర్-ఫుట్‌లే వాటా. మన టీఎంసీల్లో చెప్పాలంటే 13 టీఎంసీలు. బచావత్ ట్రిబ్యునల్ కృష్ణా నీళ్లలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కి ఇచ్చింది 811 టీఎంసీలు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. 2021 ఆగస్టులో కొలరాడో నది మీద మొట్టమొదటిసారి అధికారికంగా నీటి కొరత ప్రకటించారు. 2022 జులైకి ఆ నది మీద ఉన్న, లాస్ వెగాస్‌కి నీళ్లిచ్చే లేక్ మీడ్ మట్టం, 1930లలో జలాశయం నిండుతున్నప్పటి స్థాయికి పడిపోయింది. అందుకే లాస్ వెగాస్ వ్యాలీ వాటర్ డిస్ట్రిక్ట్ 2021 నవంబరులో, కొత్తగా కట్టే గోల్ఫ్ కోర్సులకు కొలరాడో నీళ్లు ఇవ్వకూడదని తీర్మానం చేసింది.

ఇలాంటి ప్రతిపాదన మీద సిటీ ప్రజల మాట వినడానికి పెట్టే ప్రతి హియరింగ్‌లోనూ ఒక మాట వినిపిస్తుంది: "మేము మంచినీళ్లు వాడం, శుద్ధి చేసిన మురుగునీళ్లే వాడతాం." చాలామంది ఈ మాటతో తృప్తిపడి కూర్చుండిపోతారు. నా దృష్టిలో అసలు ప్రశ్న ఇక్కడే మొదలవుతుంది.

లాస్ వెగాస్‌లో ఇళ్లలో, హోటళ్లలో వాడిన నీళ్లన్నీ దాదాపుగా శుద్ధి అయి తిరిగి లేక్ మీడ్‌లోకే చేరతాయి. తిరిగి పంపిన మేరకు మళ్లీ తోడుకునే హక్కు ఉంటుంది. అంటే అక్కడ స్నానం చేసిన నీళ్లు పోయినట్టు కాదు, గడ్డికి కొట్టిన నీళ్లు మాత్రం ఆవిరై పోయినట్టే. శుద్ధి చేసిన నీళ్లు గోల్ఫ్‌కి మళ్లిస్తే సరస్సుకి తిరిగి వెళ్లేది అంత తగ్గుతుంది. కాబట్టి అక్కడ ఆ నీళ్లు ఉచితంగా మిగిలినవి కావు.

అన్ని ఊళ్లలోనూ ఇలా ఉండదు. అరిజోనాలోని టూసాన్ 1984లోనే శుద్ధి చేసిన నీళ్లకి ప్రత్యేకంగా పైపులు వేసి గోల్ఫ్ కోర్స్‌కి ఇవ్వడం మొదలుపెట్టింది. టెక్సస్‌లో శాన్ ఆంటోనియో నీటి సంస్థ గోల్ఫ్ కోర్సులకీ పార్కులకీ అవే ఇస్తుంది, నదిలో ప్రవాహం నిలబెట్టడానికి కూడా వాడుతుంది. మీరు ఎక్కడైనా ఊదారంగు పైపులు, వాటి పక్కన "తాగకూడదు" అనే బోర్డు చూసి ఉంటే, అవే ఇవి. ఈ నీళ్లలో ఉప్పు కాస్త ఎక్కువ. అది వేళ్ల దగ్గర పేరుకోకుండా అప్పుడప్పుడు అదనంగా నీళ్లు పెట్టి కిందికి కడగాలి. ఆ అదనం ప్రతిపాదనలో లెక్కేశారా లేదా అన్నది అడగాలి. ఊదారంగు పైప్‌లైన్ సైట్ దాకా ఇప్పటికే ఉందా, కొత్తగా వేస్తే ఖర్చు ఎవరిది? కోర్స్ తెరిచే రోజుకి అది పూర్తవుతుందా, లేక అప్పటిదాకా మన కుళాయి నీళ్లేనా? "తాత్కాలికంగా" అన్న మాట వినిపిస్తే తేదీ అడగండి.

ఒక మంచి మాట కూడా చెప్పాలి. అమెరికాలో గోల్ఫ్‌కి వాడే మొత్తం నీళ్లు 2005 నుంచి 2020కి 29 శాతం తగ్గాయని గోల్ఫ్ కోర్స్ సూపరింటెండెంట్ల సంఘం సర్వే చెప్పింది. కొన్ని కోర్సులు మూతపడటం ఒక కారణం. రఫ్‌లో గడ్డి తీసేసి స్థానిక మొక్కలు పెట్టడం, నేలలో తేమ చూసే సెన్సర్లు వాడటం మిగతా కారణాలు. అంటే తక్కువ నీళ్లతో కోర్స్ నడపొచ్చు. కానీ అది డిజైన్ దశలోనే ఒప్పందంలో రాయాలి. పచ్చగా కట్టేశాక తీసేయమంటే ఎవరూ వినరు.

[స్క్రీన్‌పై: సిటీ కౌన్సిల్ సమావేశ మందిరం]

ఇక డబ్బు. ఇది త్వరగా చెప్పేస్తాను. చాలా సిటీలు గోల్ఫ్ కోర్స్‌ని ఎంటర్‌ప్రైజ్ ఫండ్ అనే వేరే ఖాతాలో నడుపుతాయి. ఆడేవాళ్లు కట్టే ఫీజుతోనే జీతాలు, నీళ్లు, అప్పు వాయిదాలు గడవాలన్నది ఉద్దేశం. గడవకపోతే జనరల్ ఫండ్ నుంచి, అంటే పోలీసులకి, ఫైర్ స్టేషన్‌కి, లైబ్రరీకి పోవాల్సిన డబ్బు నుంచి సర్దుతారు. అప్పు రెవెన్యూ బాండా, జనరల్ ఆబ్లిగేషన్ బాండా అన్నది అందుకే ముఖ్యం. మొదటిది కోర్స్ ఆదాయం మీద నిలబడుతుంది. రెండోదానికి మన పన్నులే హామీ.

కోవిడ్ తర్వాత గోల్ఫ్‌కి గిరాకీ బాగా పెరిగింది, ప్రతిపాదనలన్నీ ఆ అంకెలే చూపిస్తాయి. కానీ 2006 తర్వాత ఏళ్ల తరబడి తెరిచిన కోర్సుల కంటే మూసినవే ఎక్కువ. ఇరవై ముప్పై ఏళ్ల అప్పుకి నాలుగైదు మంచి ఏళ్ల అంకెలు చాలవు. శాన్ ఆంటోనియో 2007లో తన కోర్సుల నిర్వహణని ఒక లాభాపేక్ష లేని సంస్థకి అప్పగించింది. సిటీయే అన్నీ నడపక్కర్లేదని చూపించే దారి అది.

నేను గోల్ఫ్‌కి వ్యతిరేకిని కాను. ఆస్టిన్‌లో 1924 నాటి లయన్స్ మునిసిపల్ కోర్స్ ఉంది. వర్ణవివక్ష చట్టాలు నడుస్తున్న రోజుల్లో, 1950-51 ప్రాంతంలో, నల్లజాతి వాళ్లని ఆడనిచ్చిన తొలి దక్షిణాది పబ్లిక్ కోర్సుల్లో అది ఒకటి. పబ్లిక్ కోర్స్ అంటే అలా ఎవరైనా వచ్చి ఆడగలిగే చోటు కావాలి. కాబట్టి స్థానికులకి ఫీజు ఎంత, హైస్కూల్ పిల్లలకి ఎన్ని గంటలు అన్నది కూడా కాగితం మీద చూపించమనండి.

చాలా ఊళ్లలో పబ్లిక్ కామెంట్‌కి మూడు నిమిషాలే ఇస్తారు. యాస గురించి టెన్షన్ పడొద్దు, రాసుకుని చదివినా ఎవరూ ఏమీ అనరు. వెళ్లేముందు ఫీజిబిలిటీ రిపోర్ట్, అంటే ప్రాజెక్ట్ సాధ్యమేనా అని చూసిన నివేదిక, తెప్పించుకోండి, అది పబ్లిక్ రికార్డు కింద అడిగి తీసుకోవచ్చు. అందులో రెండు అంకెలు వెతకండి: నీళ్లు పెట్టే ఎకరాలు ఎన్ని, కరువు ఏడాదిలో ఎకరానికి ఎన్ని అడుగులు. సగటు ఏడాది అంకె ఇస్తే ఒప్పుకోవద్దు. మీ ఊరికి ఇలాంటి ప్రతిపాదన వచ్చి ఉంటే ఆ రెండు అంకెలూ నాకు పంపండి. అది ఎన్ని ఇళ్ల నీళ్లో లెక్కగట్టి తర్వాతి వీడియోలో చూపిస్తాను.