సంచిని వెనక్కి తిప్పండి

శ్రోతలందరికీ నమస్కారం.

మా ఇంట్లో ఒక పిల్లి ఉంది. బూడిదరంగు ఒళ్ళు, తెల్లటి పాదాలు, తొమ్మిదేళ్ళ వయసు. పొద్దున లేవగానే నేను చేసే మొదటి పని దాని గిన్నె నింపడం. పొడి తిండి గింజలు గిన్నెలో పడ్డ చప్పుడు వినబడితే చాలు, ఏ గదిలో ఉన్నా వచ్చేస్తుంది. నా కాలికి ఒకసారి ఒళ్ళు రాసుకుని, తల వంచి తింటుంది. నిన్న తిన్నదే ఈ రోజూ తింటుంది. రేపూ అదే.

ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. మన భోజనంలో ఈ పూట ఏదైనా తక్కువైతే, మరో పూట మరో పదార్థం ఆ లోటు తీరుస్తుంది. పెంపుడు పిల్లికి ఆ వీలు లేదు. ఒకే రకం తిండి, నెలల తరబడి, ఏళ్ళ తరబడి. అందులో ఒక్క పోషకం తక్కువైతే ఆ లోటు పూటపూటకూ పెరుగుతూ పోతుంది. పిల్లి మాత్రం ఇష్టంగానే తింటుంది. ఇష్టంగా తింటోంది కదా, మంచిదే అయి ఉంటుందని మనం అనుకుంటాం. ఆ నమ్మకం ఎంత నష్టం చేయగలదో చెప్పే కథ ఒకటి ఉంది. నాకిచ్చిన పది నిమిషాల్లో పెద్ద భాగం దానికే ఇస్తాను. పిల్లుల తిండి గురించి నేను తెలుసుకున్న వాటిలో ముఖ్యమైనదంతా ఆ కథలోనే ఉంది.

1980ల నాటి మాట. పిల్లులకు ఒక గుండె జబ్బు వచ్చేది. గుండె కండరం పట్టు సడలిపోయేది. గుండె గదులు సాగిపోయి, రక్తాన్ని బలంగా ముందుకు నెట్టలేకపోయేవి. పిల్లికి ఆయాసం మొదలయ్యేది. తిండి మానేసి ఒక మూల ముడుచుకుని పడుకునేది. ఏటా వేల సంఖ్యలో పిల్లులు ఇలా చనిపోయేవి. ఎందుకో ఎవరికీ తెలియదు. ఇవి ఆకలితో అలమటించిన పిల్లులు కావు. ముద్దుగా పెరిగినవి. దుకాణంలో కొన్న తిండి కడుపునిండా తిన్నవి.

అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి డేవిస్‌లో ఒక పశువైద్య కళాశాల ఉంది. అక్కడ పాల్ పయన్ అనే పశువైద్యుడు, ఆయన సహచరులు ఈ పిల్లుల రక్తాన్ని పరీక్షించారు. వాళ్ళు వెతికింది టారిన్ అనే పదార్థం కోసం. మాంసంలో, చేపలో సహజంగా ఉండేది అది. కుక్క శరీరం మామూలుగా తనకు కావలసిన టారిన్‌ను తానే తయారు చేసుకుంటుంది. పిల్లి శరీరానికి ఆ శక్తి చాలా తక్కువ. పైగా కొవ్వు అరగడానికి కావలసిన పైత్యరసం కోసం పిల్లి రోజూ టారిన్‌ను ఖర్చు చేస్తూనే ఉంటుంది. అంటే రోజూ తిండి ద్వారా అందాల్సిందే. టారిన్ అందకపోతే పిల్లి కంటిలోని రెటీనా పొర క్షీణిస్తుందని 1975లోనే బయటపడింది. కంటి సంగతి తెలుసు. గుండె సంగతే ఎవరికీ తట్టలేదు.

పయన్ బృందం చూసిన 21 పిల్లుల్లో గుండె బలహీనంగా ఉంది, రక్తంలో టారిన్ తక్కువగా ఉంది. వాటికి నోటి ద్వారా టారిన్ ఇచ్చారు. ఇచ్చి, గుండెకు మళ్ళీ స్కానింగ్ చేసి చూశారు. సడలిన గుండె మళ్ళీ బిగువుగా కొట్టుకుంటోంది! 1987 ఆగస్టులో సైన్స్ పత్రికలో ఆ వ్యాసం వచ్చింది. ఆ తరువాత కంపెనీలు పిల్లుల తిండిలో టారిన్ మోతాదు పెంచాయి. టారిన్ లోపం వల్ల వచ్చే ఆ గుండె జబ్బు ఇప్పుడు అరుదైపోయింది. ఈ కథ ఎన్నిసార్లు చెప్పుకున్నా, గుండె మళ్ళీ బిగువుగా కొట్టుకున్న ఆ చోటికి వచ్చేసరికి నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

అయితే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది తరువాతి ముక్క. ఆ తిండిలో టారిన్ అసలు లేదా? ఉంది. అప్పటి లెక్కల ప్రకారం సరిపడా ఉందనే అనుకున్నారు. కానీ తిండిని డబ్బాలో పెట్టి బాగా వేడి చేసినప్పుడు దాని గుణం మారుతుంది. అది పేగుల్లోకి వెళ్ళాక అక్కడి సూక్ష్మజీవులు టారిన్‌ను ఎక్కువగా విరగ్గొడతాయి. అందుకే ఇప్పుడు అమెరికా ప్రమాణాల్లో, తిండిలోని నీటిని మినహాయించి లెక్కిస్తే, పొడి తిండికి కనీసం 0.1 శాతం టారిన్ చాలు, డబ్బాలోని తడి తిండికి 0.2 శాతం ఉండాలి. రెండింతలు. తిండిలో ఏం వేశారన్నది ఒక లెక్క. పిల్లి ఒంటికి ఏం అందిందన్నది మరో లెక్క.

మరి ఇంట్లో కూర్చున్న మనం ఇదంతా ఎలా కనిపెట్టాలి? మన చేతిలో ప్రయోగశాల లేదు. పిల్లి తిండి సంచి ఉంది. సంచిని వెనక్కి తిప్పండి. ఈ రోజు నేను మిమ్మల్ని అడిగేది ఈ ఒక్క పనే.

ముందు వైపు నిగనిగలాడే పిల్లి బొమ్మ ఉంటుంది, ఎర్రటి మాంసం ముక్కలు ఉంటాయి, ప్రీమియం అన్న మాట ఉంటుంది. ఆ మాట రాసినంత మాత్రాన లోపల మేలైన సరుకు ఉండి తీరాలన్న నియమమేమీ అమెరికాలో కూడా లేదని అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థే చెబుతుంది. వెనక వైపు మాత్రం చిన్న అక్షరాల్లో ఒక మాట ఉంటుంది. 'కంప్లీట్' అని. అంటే ఈ తిండి ఒక్కటే పెట్టినా పిల్లికి కావలసినవన్నీ అందుతాయని తయారీదారు చెబుతున్నాడన్నమాట. కొన్నింటి మీద 'కాంప్లిమెంటరీ' అనో, 'సప్లిమెంటల్' అనో ఉంటుంది. అది అసలు భోజనం కాదు, అప్పుడప్పుడు పెట్టే చిరుతిండి.

కంప్లీట్, కాంప్లిమెంటరీ. వినడానికి దగ్గర దగ్గరగా ఉన్నాయి కదూ? నేనూ అక్కడే పొరబడ్డాను. మా పిల్లి చిన్నప్పుడు ఒక డబ్బా తిండిని ఎంతో ఇష్టపడింది. మూత తీస్తే తెల్లటి చేప ముక్కలు పొరలు పొరలుగా కనిపించేవి. ఇంతకంటే శ్రేష్ఠమైనది ఏముంటుంది అనుకున్నాను. రెండు నెలలు అదే పెట్టాను. టీకా వేయించడానికి తీసుకెళ్ళినప్పుడు డాక్టరమ్మ ఏం పెడుతున్నారని అడిగితే, చేతిసంచిలోంచి ఆ డబ్బా తీసి గర్వంగా చూపించాను. ఆవిడ దాన్ని వెనక్కి తిప్పి, ఒక అక్షరాల వరుస కింద గోటితో గీత గీసి నా చేతికిచ్చారు. కాంప్లిమెంటరీ. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఆ గోటి గీత మాత్రం నాకు ఇప్పటికీ కళ్ళకు కడుతుంది. ఆ రెండు నెలలూ అది ఎంత నమ్మకంగా తిన్నదో తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

కంప్లీట్ అన్న మాట పక్కనే ఏ వయసు పిల్లికో కూడా రాసి ఉంటుంది. అమెరికా ప్రమాణం ప్రకారం నీటిని మినహాయించి లెక్కిస్తే, పెద్ద పిల్లి తిండిలో కనీసం 26 శాతం ప్రొటీన్ ఉండాలి. పెరిగే పిల్లికూనలకు, చూలు పిల్లులకు, పాలిచ్చే తల్లులకు 30 శాతం ఉండాలి. కుక్క తిండి పిల్లికి పనికిరాదు. కుక్కకు చాలే ప్రొటీన్ పిల్లికి చాలదు, కుక్క తిండిలో టారిన్ కలపాలన్న నియమమూ లేదు.

నీటిని మినహాయించి అన్నాను. కాగితం దగ్గరుంటే ఈ చిన్న లెక్క రాసుకోండి. తడి తిండి డబ్బా మీద ప్రొటీన్ 10 శాతం, తేమ 78 శాతం అని ఉందనుకోండి. పొడి తిండి సంచి మీద ప్రొటీన్ 32 శాతం, తేమ 8 శాతం. చూడగానే పొడిదే గొప్పదనిపిస్తుంది. ఇప్పుడు వందలోంచి తేమను తీసేయండి. డబ్బాలో మిగిలేది 22 పాళ్ళు, అందులో 10 ప్రొటీన్. అంటే దాదాపు 45 శాతం. సంచిలో మిగిలేది 92 పాళ్ళు, అందులో 32. అంటే దాదాపు 35 శాతం. నీళ్ళు తీసేసి చూస్తే తడి తిండిదే పైచేయి. అన్ని డబ్బాలూ ఇలాగే ఉంటాయని కాదు, లెక్క వేయకుండా పోల్చవద్దని.

నా మట్టుకు నేను రోజూ ఒక పూట తడి తిండి పెడతాను. పిల్లులకు దాహం వేయడం తక్కువ, గిన్నెలో నీళ్ళున్నా అంతగా ముట్టవు. తిండిలోనే నీరుంటే ఆ మేరకు ఒంటికి పడుతుంది. పొడి తిండి మాత్రమే పెట్టేవాళ్ళు కంగారు పడనక్కర్లేదు, నీళ్ళ గిన్నెలు ఒకటికి రెండు పెట్టండి. మూత్రపిండాల జబ్బో, మధుమేహమో ఉన్న పిల్లి అయితే ఈ ప్రసంగం విని తిండి మార్చవద్దు. దానికి ఏం పెట్టాలో పశువైద్యుడే చెప్పాలి.

పాల మాట కూడా ఒకటి. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగే సామెత మనందరి నోటా ఉంది. కానీ పాలలోని చక్కెరను అరిగించుకునే శక్తి చాలా పిల్లులకు పెద్దయ్యాక తగ్గిపోతుంది. తాగిన పాలు విరేచనాలకు దారి తీయవచ్చు. నీళ్ళు చాలు.

తిండి మార్చాలనుకుంటే మాత్రం ఒక్కసారిగా మార్చకండి. వారం నుంచి పది రోజులు తీసుకోండి. మొదట పాత దానిలో పావు వంతు కొత్తది, కొన్నాళ్ళకు సగం, ఆ తరువాత ముప్పావు. ఆకలేస్తే అదే తింటుందిలే అని పట్టుబట్టకండి. పిల్లి కొన్ని రోజులు వరసగా తినడం మానేస్తే కాలేయంలో కొవ్వు పేరుకుని ప్రాణం మీదికి వస్తుంది. లావుగా ఉన్న పిల్లికి ఈ ప్రమాదం మరీ ఎక్కువ. ఒక రోజంతా ఏమీ ముట్టకపోతే పశువైద్యుడికి ఫోను చేయండి.

మా పిల్లి చేప ముక్కల డబ్బా నుంచి మారడానికి పన్నెండు రోజులు పట్టింది. మొదటి మూడు రోజులు కొత్త గింజలను నోటితో ఏరి, గిన్నె పక్కన నేల మీద పెట్టింది. నేను వాటిని తీసి కడిగిన గిన్నెలో మళ్ళీ పాత తిండితో కలిపి పెట్టాను. నాలుగో రోజున రెండు గింజలు తింది. పన్నెండో రోజు పొద్దున నేను వంటగదిలోకి వెళ్ళి వచ్చేసరికి గిన్నె అడుగు నాకుతూ కనిపించింది.

సెలవు. నమస్కారం.