కుక్క ఉన్న ఇంటికి ఏ మొక్క తెచ్చుకోవాలి?

సభకు నమస్కారం.

కడపలో మొక్క కొనే వారెవరైనా మొదట అడిగేది, ఈ ఎండకు అది బతుకుతుందా అని. ఆ తరువాత అడిగేది, మేకలు మేస్తాయా అని. మే నెలలో 43, 44 డిగ్రీల ఎండ కాసే ఊళ్లో ఈ రెండు ప్రశ్నలూ న్యాయమైనవే. గన్నేరు మన ప్రహరీల పక్కన, జాతీయ రహదారుల డివైడర్ల మీద అంతగా కనబడడానికి కారణం ఈ రెండు పరీక్షల్లోనూ అది నెగ్గడమే. అయితే పశువులు దాన్ని ముట్టకపోవడానికి కారణం దానిలో ఉన్న విషం. ఆకు, పువ్వు, కొమ్మ, వేరు అన్నింటిలోనూ గుండె లయను దెబ్బతీసే పదార్థాలు ఉంటాయి. ఎండిన ఆకులో కూడా అవి నశించవు. మందలో తిరిగే మేక ఏ ఆకు వదిలిపెట్టాలో మందలోనే నేర్చుకుంటుంది. నాలుగు గోడల మధ్య పెరుగుతూ, 3 నెలల నుంచి 7 నెలల వయసు దాకా పళ్లు మారే దురదతో దొరికినదల్లా కొరికే కుక్కపిల్లకు అది నేర్పే వారెవరూ లేరు. కాబట్టి కుక్క ఉన్న ఇంట్లో పై రెండు ప్రశ్నలకంటే ముందు, ఇది కొరికితే ఏమవుతుంది అన్న ప్రశ్న రావాలని నా మనవి.

గన్నేరును వీధిలో ఉంచి ఇంటిలోపల నిశ్చింతగా ఉందామంటే కుదరదు. పూజకు కోసిన గన్నేరు పూలు మరునాడు నిర్మాల్యంగా నేలమీద రాలుతాయి; పూలు ఉంచిన చెంబులోని నీళ్లలోకి కూడా విషం దిగుతుంది. ఇంట్లో పూజ చేసేది జేజి అయితే ఈ సంగతి ముందుగా ఆమెకు చెప్పాలి. డాబా మీద కుండీల్లో అందరూ ఇష్టపడి పెంచే అడీనియం కూడా గన్నేరు కుటుంబానిదే, గుణమూ అదే. పచ్చగన్నేరు, ఇంటివైద్యానికని పెంచే రణపాల కూడా గుండె మీదనే పనిచేస్తాయి.

నాకు అన్నింటికంటే ఎక్కువ భయం కలిగించేది సైకస్. గేటుకు రెండు పక్కలా అందంగా నిలబెట్టే ఈ మొక్కను నర్సరీలో సాగో పామ్ అని అమ్ముతారు, కాని ఇది తాటి, ఈత జాతి కాదు. దీని ప్రతి భాగంలోనూ, గింజల్లో మరీ ఎక్కువగా, కాలేయాన్ని నాశనం చేసే విషం ఉంటుంది. కుక్క మొదట వాంతులు చేసుకుని, ఒకటి రెండు రోజులు తేరుకున్నట్లు కనిపించి, తరువాత కాలేయం పాడై చనిపోయే ప్రమాదం ఉంది. నిజంగా పామ్ కావాలనుకునే వారికి అరెకా పామ్ ఉంది, అది కుక్కలకు హాని చేయదు. తేడా చేతితో తాకితే తెలుస్తుంది: సైకస్ ఆకు గట్టిగా, కొసన ముల్లులా గుచ్చుకుంటుంది, అరెకా ఆకు మెత్తగా వంగుతుంది.

మనీ ప్లాంట్, డిఫెన్‌బేకియా, పీస్ లిల్లీ, సింగోనియం, జెడ్‌జెడ్ మొక్కల సంగతి వేరు. వీటి కణాల్లో కాల్షియం ఆక్సలేట్ సూదుల ఆకారంలో ఉంటుంది. కుక్క కొరకగానే ఆ సూదులు నాలుకలో, గొంతులో గుచ్చుకుని, చొంగ కారడం, ముఖాన్ని కాళ్లతో రుద్దుకోవడం, వాంతులు మొదలవుతాయి. ప్రాణం పోవడం అరుదు, బాధ మాత్రం తీవ్రం. కలబంద దిష్టి కోసం గుమ్మానికి వేలాడినంత కాలం ఏ ఇబ్బందీ లేదు. కుండీలో నేలమీద ఉంటే, తోలు కింద ఉండే పసుపు రసం వాంతులు, విరేచనాలు తెప్పిస్తుంది. స్నేక్ ప్లాంట్, లక్కీ బ్యాంబూ కూడా కడుపును ఇబ్బంది పెడతాయి.

మరి ఏవి పెంచాలి? కలబంద రూపమే ఇష్టమైతే హావోర్థియా పెంచండి. చూడడానికి చిన్న కలబందలాగే ఉండి, తక్కువ నీటితో బతుకుతుంది. మనీ ప్లాంట్ తీగ స్థానంలో హోయా తీగ పెట్టుకోవచ్చు. కాండం అడుగున ఉబ్బి నీటిని దాచుకునే పోనీటెయిల్ పామ్ మన వాతావరణానికి చక్కగా సరిపోతుంది. స్పైడర్ ప్లాంట్ కిటికీ వెలుగులో బాగుంటుంది. బోస్టన్ ఫెర్న్, కలాథియా కూడా కుక్కలకు ప్రమాదం లేనివే, కాని గాలిలో తేమ లేని మన వేసవిలో వాటి ఆకుల అంచులు మాడిపోతాయి గనుక వాటిని నేను గట్టిగా సిఫారసు చేయను. పూల కోసం మల్లె, గులాబీ ఉన్నాయి. గులాబీకి ముళ్లున్న సంగతి గుర్తుంటే చాలు. నిరపాయమైన ఆకులనైనా కడుపునిండా తింటే కుక్క కక్కుతుంది, దానికి కంగారు పడనక్కరలేదు.

మొక్క మంచిదైనా కుండీలోని ఎరువు కుక్కను చంపవచ్చు. ఈ విషయం దాదాపు ఎవరూ చెప్పరు కాబట్టి నొక్కి చెబుతున్నాను. ఆముదం చెక్కను, అంటే ఆముదం గింజల నుంచి నూనె తీశాక మిగిలే పిప్పిని, సేంద్రియ ఎరువుగా మనం విరివిగా వాడతాం. గింజలోని రిసిన్ అనే విషం నూనెలోకి పోదు, చెక్కలోనే మిగిలిపోతుంది; ఎక్కువ వేడితో శుద్ధి చేస్తే తప్ప అది విరగదు. ఆ వాసనకు కుక్కలు ఆకర్షితమై మట్టి తవ్వి మరీ తింటాయి. ఎముకల పొడి కలిపితే ఆకర్షణ ఇంకా ఎక్కువవుతుంది. ఇంటి కుండీలకు బాగా చివికిన పశువుల ఎరువు గాని, వానపాముల ఎరువు గాని చాలు. ఆముదం చెక్క బస్తా ఇంట్లో ఉంటే తలుపు వేసిన గదిలో ఉంచండి.

ఒకవేళ కుక్క ఏదైనా విషపు మొక్కను తిన్నదని అనుమానం వస్తే, ఉప్పునీళ్లు పోసి కక్కించే ప్రయత్నం దయచేసి చేయకండి. రక్తంలో ఉప్పు పెరిగి అదే ప్రాణం తీయవచ్చు. చింతపండు రసం తాగించడం కూడా కుక్కల మూత్రపిండాలకు హాని చేస్తుంది. నోటిలో మిగిలిన ముక్కలు తీసి, నోరు మంచినీళ్లతో కడిగి, వెంటనే పశువైద్యుని దగ్గరకు తీసుకువెళ్లండి. గన్నేరు, సైకస్, ఆముదం విషయంలో లక్షణాలు కనిపించేదాకా ఆగకూడదు. వెళ్లేటప్పుడు ఆ మొక్క కొమ్మనొకదానిని సంచిలో వేసుకుని, ఎంత తిన్నదో, ఎన్ని గంటలకు తిన్నదో, కుక్క బరువెంతో కాగితం మీద రాసుకుని వెళ్లండి. వైద్యుడు మిమ్మల్ని మొదట అడిగేవి అవే.