ఎబెనెజర్ రాతిబడి: సున్నంతో కట్టినదాన్ని సున్నంతోనే

అందరికీ నమస్కారం.

ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్‌లోని హాక్స్‌బరీ నది ఒడ్డున ఎబెనెజర్ చర్చి ఉంది. 1802లో కొరొమాండల్ ఓడ దిగిన కుటుంబాలు దాన్ని ఇసుకరాతితో కట్టుకుని 1809లో పూర్తిచేశాయి. ఓడ పేరు మన తీరందే, మనుషులు మాత్రం ఎక్కువగా స్కాట్లాండ్ వాళ్లు. ఆదివారం ప్రార్థన జరిగే ఆ కప్పు కిందే 1810 నుంచి పిల్లలకు చదువు సాగింది. పంతులుగారి ఇల్లు 1817లో వచ్చింది. ఆ దేశంలో ఇంకా నిలిచి ఉన్న చర్చిల్లో ఇదే పాతది.

ఆ రోజుల్లో సిడ్నీ దరిదాపుల్లో సున్నపురాయి దొరికేది కాదు. ఆల్చిప్పలు కాల్చి సున్నం చేసేవారు. ఆదివాసులు తరతరాలుగా తిని పోసిన గుల్లల దిబ్బలు అలా బట్టీల పాలయ్యాయి. ఈ వారసత్వం గురించి మాట్లాడేటప్పుడు ఆ సంగతి దాటేయకూడదు.

ఇక మరమ్మతు. ఇలాంటి గోడకు చేసే పెద్ద ద్రోహం సందుల్లో సిమెంటు నింపడం. నేలలోంచి పైకెక్కిన తడి మామూలుగా సున్నపు సందుల గుండా ఆరిపోతుంది. సిమెంటు ఆ దారి మూసేస్తే తడి రాతిలోంచే బయటికి రావాలి. వస్తూ ఉప్పు మోసుకొస్తుంది, అది రాతి పైపొర వెనకే గడ్డకట్టి ఉబ్బుతుంది. కొన్నేళ్లకు రాయి పొడిగా రాలిపోయి సిమెంటు గీతలు మాత్రం తేనెపట్టు గదుల్లా పొడుచుకొస్తాయి. నీరు పట్టని పూతలు పూసినా జరిగేది ఇదే.

పాత సిమెంటును ఉలితో నిదానంగా తీయాలి. కోత మిషను పెడితే రాతి అంచులు పోతాయి. సందు వెడల్పుకు రెండింతల లోతు, కనీసం 25 మిల్లీమీటర్లు తవ్వి, దుమ్ము దులిపి, గోడ తడపాలి. నానబెట్టిన సున్నం 1 పాలు, గరుకు ఇసుక 3 పాళ్లు కలిపి సందులు నింపాలి. తడిపిన గోనెపట్టాలు వారం పాటు కప్పి ఉంచాలి. ఎండలో గబగబా ఆరితే సున్నం గట్టిపడదు, వేలితో గీకితే పిండిలా రాలుతుంది.

రాయి మార్చాల్సి వస్తే, క్వారీలో పొరలు ఎలా పడుకుని ఉన్నాయో గోడలోనూ అలాగే పడుకోబెట్టాలి. పొరలు బయటివైపుకు తిరిగేలా నిలబెడితే పెళ్లలుగా ఊడతాయి. క్వారీలోనే రాతి పైముఖాన గుర్తు పెట్టించుకోండి. చెక్కేశాక పొర ఎటుందో కనిపెట్టడం మేస్త్రీకీ కష్టమే.